రెండో ఇంజెక్షన్

సెలవులు దగ్గర పడ్డాయంటే ముసలి కుక్కలకు కాలం దగ్గర పడినట్టే. ఈ సంగతి ఏ పాఠంలోనూ చెప్పరు. జంతువుల క్లినిక్‌లో పనిచేస్తూ ఏటా ఆ వారాన్ని కళ్ళారా చూసిన డాక్టరుకి మాత్రం బాగా తెలుసు. ఏడాది పొడుగునా గది మూల పడుకుని ఎవరి జోలికీ పోని కుక్క, సరిగ్గా ప్రయాణం ఖాయమైన మర్నాడు ఇంటిల్లిపాదికీ అడ్డమైపోతుంది. "పాపం, బాధపడుతోందండీ, చూడలేకపోతున్నాం" అంటూ తీసుకొస్తారు. బాధ ఎక్కడ అని అడిగితే నీళ్ళు నములుతారు. ప్రయాణం ఎప్పుడని అడిగితే మాత్రం ఠక్కున చెబుతారు.

ఆ సోమవారం పొద్దున ఆమె క్లినిక్ తలుపు తీసేసరికే వరండాలో బెంచీలు నిండిపోయి ఉన్నాయి. ఊరెళ్ళేముందు టీకాలు వేయించేవాళ్ళు, గోళ్ళు తీయించేవాళ్ళు, కారులో వాంతి కాకుండా మాత్రలు కావాలనేవాళ్ళు. బుట్టలోంచి ఒక పిల్లి ఎవరినో శపిస్తున్నట్టు అదే పనిగా అరుస్తోంది. డాక్టరు తెల్లకోటు తొడుక్కుంది. కాంపౌండరు తెచ్చిన టీ తూకం మిషన్ పక్కన పెట్టి మొదటి కుక్కని లోపలికి పిలిచింది. మళ్ళీ ఆ టీ గుర్తొచ్చేసరికి మధ్యాహ్నమైంది, పైన తొరక కట్టి ఉంది. వేలితో తొరక పక్కకి తీసి, చల్లటి టీ నిలబడే తాగేసింది.

క్లినిక్‌లో నిజానికి ఇద్దరు డాక్టర్లు. రెండో ఆయన క్లినిక్ యజమాని, పెద్ద డాక్టరు. ఆయన శనివారమే కుటుంబంతో సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ "నువ్వున్నావనే నా ధైర్యం అమ్మా" అన్నాడు. ధైర్యం ఆయనది, ఆయన పేషెంట్లు ఈమెవి.

ఆ మధ్యాహ్నమే ఆయన దగ్గర్నుంచి ఒక వీడియో వచ్చింది. 'సెలవుల్లో ఒత్తిడిని జయించడం ఎలా?' డాక్టరు అప్పుడు ఒక పెద్ద కుక్క చెవిలోంచి గుబిలి తీస్తోంది. చేతులకు గ్లవ్స్ ఉన్నాయి కాబట్టి మోచేత్తో ఫోన్ని నొక్కింది. నున్నగా దువ్వుకున్న ఒకాయన చెబుతున్నాడు. "మీ శక్తి సెల్‌ఫోన్ ఛార్జింగ్ లాంటిది. ఎర్ర గీత దాకా రానివ్వకండి. కాదనడం నేర్చుకోండి." కింద పెద్ద డాక్టరు రాసిన ముక్క ఉంది. 'నీకు పనికొస్తుందని పంపుతున్నాను. నా సాయంత్రం అపాయింట్‌మెంట్లు కూడా నువ్వే చూసెయ్యమ్మా.'

కుక్క మూతి పట్టుకుని కూర్చున్న కాంపౌండరు తలెత్తాడు. "ఏమంటున్నారండీ సారు?"

"ఛార్జింగ్ పెట్టుకోమంటున్నారు."

"ఇక్కడ ప్లగ్గే పనిచేయడం లేదు కదండీ" అన్నాడాయన ఏమాత్రం నవ్వకుండా.

కాదనడం నేర్చుకోవాలట! ముందు ఆయనతోనే మొదలుపెట్టాలని ఆమెకి కసిగా అనిపించింది. కానీ సాయంత్రం ఆయన పేషెంట్లు వచ్చారు, ఆమె చూసింది. వాళ్ళలో ఒక ముసలి పిల్లి కూడా ఉంది. దానికి జబ్బేమీ లేదు, యజమానులకు ప్రయాణం ఉంది. ఆమె కుదరదంది. వాళ్ళు వరండాలో అందరూ వినేలా నాలుగు మాటలని, బుట్ట ఊపుకుంటూ వెళ్ళిపోయారు. ఆ ఊపుకి లోపల పిల్లి ఇటూ అటూ దొర్లడం అద్దం తలుపులోంచి ఆమెకి కనిపించింది. వాళ్ళు ఇంకో క్లినిక్‌కి వెళ్తారని, అక్కడ కుదురుతుందని ఆమెకి తెలుసు.

ఇంటికి చేరేసరికి కూతురు పడుకుంది, భర్త డైనింగు బల్ల దగ్గర ఫోన్లో ఫొటోలు చూస్తున్నాడు. చెరువు ఒడ్డున అద్దె ఇల్లు. నాలుగు రోజులు. ఆయన అన్నదమ్ములు, చెల్లెలు, వాళ్ళ పిల్లలు, అంతా కలిస్తే ఇల్లు పట్టనంత జనం.

"చూడు, ఎంత బాగుందో. మంచి గాలి. నాలుగు రోజులు నువ్వు హాయిగా రెస్ట్ తీసుకోవచ్చు" అన్నాడు.

"వంట ఎవరు చేస్తారు?"

"అందరం తలో చెయ్యి వేస్తాంగా."

పోయినసారి ఆ చేతులు వేసినవన్నీ పేక ముక్కలే. అదే గుర్తు చేద్దామనుకునేలోపు ఆడపడుచు వాయిస్ మెసేజ్ మోగింది. "వదినా, వంటమనిషిని పెడదామనే అనుకున్నాం. కానీ నీ చేతి వంట ముందు ఎవరిదైనా దిగదుడుపే కదా! అన్నయ్యే వద్దన్నాడు." పొగిడి చేతికి గరిటె ఇవ్వడం ఆ ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. డాక్టరు భర్త వంక చూసింది. ఆయన ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చెరువు చూసుకుంటున్నాడు.

వంటింటి గట్టు కింద సరుకుల సంచులు అప్పటికే సగం నిండి ఉన్నాయి. ఆమె నేల మీద కూలబడి డబ్బాల మూతలు బిగించడం మొదలుపెట్టింది. రానని చెప్పొచ్చు. కానీ కాదనాలంటే గొడవ పడాలి. గొడవ పడాలంటే ఓపిక ఉండాలి. ఆ ఓపికేదో ఉంటే వంటే చేసి పారెయ్యొచ్చు. ఇలా అనుకుని ఆమె నూనె సీసాకి రెండో కవరు తొడిగి ముడి వేసింది.

*

ప్రయాణానికి ముందు రోజు, బుధవారం, మర్నాటి నుంచి క్లినిక్‌కి నాలుగు రోజులు సెలవు కావడంతో వరండా సంత లాగే ఉంది. పదకొండు దాటాక ఒకావిడ పెద్ద గోధుమరంగు కుక్కని తీసుకొచ్చింది. తీసుకురావడం అంటే మోసుకురావడమే. కుక్క పొట్ట కింద తువ్వాలు వేసి, రెండు కొసలూ పైన పట్టుకుని, వెనక కాళ్ళ బరువంతా తను మోస్తూ అడుగులో అడుగు వేస్తోంది. ఆవిడకి ఇంచుమించు డాక్టరు వయసే ఉంటుంది. మెడలో ఆఫీసు బిళ్ళ, భుజాన ఒక పెద్ద సంచి. బయట గేటు దగ్గర కారు ఆగి ఉంది, ఇంజను ఆపలేదు.

కాంపౌండరు ఎదురెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు. కుక్కని బల్ల ఎక్కించకుండా నేల మీద రబ్బరు చాప మీదే పడుకోబెట్టారు.

"పేరేంటి?"

"దొర" అంది ఆవిడ. "అప్పట్లో దర్జాగా కూర్చునేవాడు, అందుకని."

డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. మూతి అంతా నెరిసింది. కళ్ళకు పొర వచ్చింది. గుండె మీద స్టెతస్కోపు పెట్టి వింది, కుర్రకుక్కకి ఉన్నట్టుంది. పొట్ట నొక్కింది, చిగుళ్ళు చూసింది, వెనక కాళ్ళు మడిచి వదిలింది. కాళ్ళలో బలం లేదు. మూత్రం కొద్దికొద్దిగా కారుతోంది. ఇదంతా అవుతున్నంతసేపూ దొర ఆమె మణికట్టు నాకుతూనే ఉన్నాడు.

"ఏంటి ఇబ్బంది?"

"పదమూడేళ్ళండీ, వయసైపోయింది. ఎక్కడ పడితే అక్కడ పోసేస్తున్నాడు. లేవలేడు. ఇంజెక్షన్ ఇచ్చేస్తారేమోనని..."

"ప్రయాణం ఎప్పుడు?"

ఆవిడ ఉలిక్కిపడింది. "రేపు పొద్దున."

డాక్టరుకి ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు. "తిండి తింటున్నాడా?"

"తింటాడండీ."

"మిమ్మల్ని గుర్తుపడతాడా?"

"ఎందుకు గుర్తుపట్టడు!"

"మరి చచ్చేంత జబ్బేదీ లేదు. ఈ కారడం తగ్గడానికి మాత్రలున్నాయి. ఇది మొదలయ్యాక ఎక్కడైనా చూపించారా?"

"నాకు తీరలేదండీ" అంది ఆవిడ.

తీరలేదట! మాత్రలకు తీరలేదు, ఇంజెక్షన్‌కి తీరింది. డాక్టరు స్టెతస్కోపు మెడలోంచి తీసి జేబులో కుక్కింది. ఎంత చదువుకుంటేనేం, ఎంత ఉద్యోగం చేస్తేనేం, నాలుగు రోజుల షికారు కోసం పదమూడేళ్ళు వాకిట్లో ఎదురుచూసిన ప్రాణాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చేసింది. "నేను ఇవ్వలేనండీ" అంది.

ఆవిడ వాదించలేదు. కుక్క చెవి వెనక వేలితో రాస్తూ, తల ఎత్తకుండా అంది. "మీరు ఇవ్వకపోతే వేరే చోటికి తిరగాలి. అక్కడా కాకపోతే రేపు దార్లో ఎక్కడైనా దింపేద్దామంటున్నారు మా ఆయన. దానికంటే ఇదే నయం కదండీ."

డాక్టరు పక్క గదిలోకి వెళ్ళి పెద్ద డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన గొంతు వెనక అలల చప్పుడు, పిల్లల కేకలు వినిపిస్తున్నాయి.

"వాళ్ళు పాత క్లయింట్లమ్మా. వాళ్ళ కుక్క, వాళ్ళ ఇష్టం. మొన్న పిల్లివాళ్ళు కూడా నాకు ఫోన్ చేసి తిట్టారు. నువ్వు ప్రతిదీ ఇలా మనసుకి తీసుకుంటావ్, అందుకే నీకు స్ట్రెస్సు. ఆ వీడియో చూశావా?"

"చూశాను సార్."

"మరింకేం? పని కానిచ్చెయ్."

ఫోన్ పెట్టేశాక ఆమె మందుల బీరువాకి తల ఆనించి కాసేపు నిలబడింది. బయట బెంచీ నిండా జనం. ఇంట్లో సర్దాల్సిన సంచులు. ఆవిడతో ఇంకో అరగంట వాదించవచ్చు, ఆయనతో పోట్లాడవచ్చు, గేటు దగ్గర కార్లో ఉన్న ఆవిడ భర్తకి బుద్ధి చెప్పవచ్చు. ఇవన్నీ ఓపిక ఉన్నవాళ్ళు చేసే పనులు. సూది ఎక్కించడం ఒక్కటే అన్నిటికంటే తేలిక. అది తేలిక కావడమే ఘోరమని తెలిసి కూడా ఆమె బీరువా తాళం తీసింది.

ఆ క్లినిక్‌లో ఈ పనికి ఒక పద్ధతి ఉంది, ఆమె పెట్టిందే. రెండు ఇంజెక్షన్లు. మొదటిది మత్తుకి. దాంతో జంతువు నిద్రలోకి జారుకుంటుంది. తర్వాత పది నిమిషాల పాటు డాక్టరు గదిలో ఉండదు. ఇంటివాళ్ళని దానితో వదిలేసి బయటికి వస్తుంది. తిరిగి వెళ్ళేటప్పుడు తలుపు కొట్టి వెళ్తుంది. రెండోది అప్పుడు. అది గుండె ఆపేది.

"మీ వాళ్ళు లోపలికి రారా?" అని అడిగింది.

"పిల్లలు చూడలేరండీ. ఆయనకి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి."

"రక్తమేం రాదు."

"చెప్పాను" అంది ఆవిడ.

డాక్టరు దొర తొడలోకి మొదటి ఇంజెక్షన్ ఇచ్చింది. వాడు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ఆవిడ చీర కుచ్చిళ్ళలో మూతి పెట్టుకున్నాడు. "పది నిమిషాలాగి వస్తాను" అని డాక్టరు ఆవిడ మొహం వంక చూడకుండా బయటికి వచ్చి తలుపు వేసింది.

*

ఆ పది నిమిషాల్లో ఒక బుల్లి కుక్కపిల్ల గోళ్ళు తీసింది. దాని యజమాని ఏదో జోకేస్తే నవ్వింది కూడా. చేతులు కడుక్కుని, రెండో మందు సిరంజిలోకి ఎక్కించి, వెలుతురుకేసి పట్టుకుని గాలి బుడగ పోగొట్టి, మూత పెట్టింది. తలుపు కొట్టింది. జవాబు లేదు. ఏడుస్తోందేమో అనుకుని కాసేపు ఆగింది. మళ్ళీ కొట్టింది. తలుపు తోసింది.

ఆవిడ గోడకి జారగిలబడి, కాళ్ళు బార్లా చాపుకుని ఉంది. ఒక చెప్పు ఊడి పక్కకి పడిపోయింది. తల ఒక పక్కకి వాలిపోయింది. దొర తల ఆవిడ ఒళ్ళో ఉంది. డాక్టరు పక్కన మోకరిల్లి ముందు పెదవుల రంగు చూసింది, ఛాతీ వంక చూసింది. ఊపిరి తీరుగా ఆడుతోంది. సన్నగా గురక కూడా వినిపిస్తోంది. కళ్ళు తిరిగి పడిపోవడం కాదు, ఏమీ కాదు. నిద్రపోతోంది.

చంపడానికి తెచ్చిన కుక్క పక్కన ఇలా ఎలా నిద్ర పడుతుంది మనిషికి? ఆమెకి మళ్ళీ కోపం వచ్చింది. సిరంజి పట్టుకుని దొర ముందు కాలు దగ్గరకి జరిగింది. సూది ఎక్కాలంటే అక్కడ కాస్త బొచ్చు గొరగాలి. కాలు ఎత్తి పట్టుకుంది. అప్పుడు చూసింది, మోచిప్ప దగ్గర చర్మాన్ని.

నున్నగా ఉంది. డాక్టరు కాలు కింద పెట్టి తుంటి చూసింది. రెండో పక్క తుంటి చూసింది. బొచ్చు పక్కకి తీసి వేళ్ళతో తడిమింది. లేవలేని బరువైన కుక్క. నెలల తరబడి పడుకునే ఉన్న కుక్క. ఒంటి మీద ఒక్క పుండు లేదు. తొడల మధ్య తడికి ఒరిసి ఎర్రబడాల్సిన చోట బొచ్చు కత్తెరతో పొట్టిగా కత్తిరించి, పౌడరు చల్లి ఉంది. దగ్గరికి వంగితే సబ్బు వాసన వస్తోంది. ఇలాంటి కుక్కకి ఇలాంటి చర్మం ఉండాలంటే ఒకటే దారి. రాత్రీ పగలూ లేచి, ఈ పక్క నుంచి ఆ పక్కకి తిప్పుతూ, తుడుస్తూ, పొడి బట్ట వేస్తూ ఉండాలి. ఎవరో తిప్పుతున్నారు. ఆ ఎవరో నోరు తెరుచుకుని ఇక్కడ గోడకి ఆనుకుని పడి ఉంది. ఫినాయిల్‌కి వేళ్ళ చివర్లు పగిలిపోయి ఉన్నాయి. సంచిలోంచి మడతలు పెట్టిన పాత తువ్వాళ్ళు కనిపిస్తున్నాయి.

ఇందాక ఈ కుక్క గుండె విన్నాను, కళ్ళు చూశాను, దీని చర్మం ఎందుకు చూడలేదు? పక్కనున్న మనిషి మీద కోపంతో చూడలేదు. డాక్టరుకి తన మీద తనకే అసహ్యం వేసింది. అంతకంటే ఎక్కువగా, గేటు బయట ఇంజను ఆపకుండా ఉన్న ఆ కారు మీద కడుపు మండిపోయింది. సరిగ్గా అప్పుడే అది హారన్ కొట్టింది.

ఆవిడ కదల్లేదు. డాక్టరు సిరంజి జేబులో పెట్టుకుని బయటికి వచ్చి, "ఈ తలుపు ఎవరూ తీయకూడదు" అని కాంపౌండరుకి చెప్పి గేటు దగ్గరికి నడిచింది.

కారు అద్దం సగం దిగింది. ఏసీ చల్లగాలి మొహాన కొట్టింది. వెనక సీట్లో ఎదిగిన పిల్లలిద్దరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లు చూసుకుంటున్నారు.

"అయిపోయిందా అండీ?" అన్నాడాయన.

"లేదు. నిద్రపోతున్నారు."

"ఎవరు, కుక్కా?"

"ఇద్దరూ."

ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. "తనంతే అండీ, ఎక్కడ పడితే అక్కడ కునుకు తీస్తుంది. లేపండి, ఇంటికెళ్ళి ఇంకా సర్దుకోవాలి."

"ఎవరు సర్దాలి?"

"తనే. ఏది ఎక్కడుందో తనకే కదా తెలిసేది."

"రాత్రిళ్ళు కుక్కకి ఎవరు లేస్తారు?"

"తనే లేస్తుంది. తనకి అలవాటే. మాకు పొద్దున్నే పనులుంటాయి కదండీ, నిద్ర చాలకపోతే ఎలా?"

"ఆవిడ మెడలో ఉన్నది ఆఫీసు బిళ్ళ కాదా?"

ఆయన స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేయడం ఆపాడు. వెనక సీట్లో పిల్ల ఒక చెవిలోది తీసింది. "నాన్నా, దొర చచ్చిపోయాడా?"

"చావలేదమ్మా. వాడికి చచ్చే జబ్బు లేదు" అంది డాక్టరు. "కుక్కని చూసుకోవడం ఆవిడ పని. సర్దడం ఆవిడ పని. ఆఖరికి చంపించుకు రావడం కూడా ఆవిడ పనేనా? మీరు ఏసీలో కూర్చుని హారన్ కొడతారా? దిగండి. లోపలికి వచ్చి వాడి తల మీ ఒళ్ళో పెట్టుకోండి. అప్పుడు ఇస్తాను రెండో ఇంజెక్షన్."

"ఏం మాటలండీ ఇవి? మీరు డాక్టరా, మాకు పాఠాలు చెప్పే పంతులమ్మా? నేను పెద్ద డాక్టరుకి ఫోన్ చేస్తాను."

"చేయండి. నీళ్ళలో ఉన్నారు, కాస్త ఆగి ఎత్తుతారు."

ఆయన ఫోన్ తీశాడు గానీ కారు దిగలేదు. వరండాలో బెంచీల మీద వాళ్ళంతా మెడలు సాచి చూస్తున్నారు. డాక్టరు వాళ్ళ మధ్యలోంచే లోపలికి నడిచి తలుపు తీసింది.

ఆ చప్పుడికి ఆవిడ దిగ్గున లేచి కూర్చుంది. మొదట చెంగుతో మూతి తుడుచుకుంది. తర్వాత ఒళ్ళో తల వంక చూసింది. "అయిపోయిందా?"

"లేదు. మత్తులో ఉన్నాడంతే. సాయంత్రానికి లేస్తాడు. రెండోది నేను ఇవ్వడం లేదు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయని, దణ్ణం పెడుతుందని డాక్టరు అనుకుంది. ఆవిడ మొహం నల్లబడిపోయింది.

"మీకేమండీ, ఇవ్వనంటారు. పుణ్యం మీకు, రాత్రిళ్ళు నాకు" అంది. చిన్న గొంతుతో మొదలుపెట్టింది, పోను పోను పెద్దదైంది. "వీణ్ణి చంపాలని నాకుందా? అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు తెచ్చుకున్నాను. ఇప్పుడు గంట గంటకీ తిప్పాలి. తిప్పి పడుకునేసరికి మళ్ళీ మూలుగుతాడు. పొద్దున డబ్బాలు కట్టాలి, ఆఫీసుకి పోవాలి. అక్కడ సెలవుల ముందు పనంతా నా నెత్తినే. ఇంట్లో ముగ్గురున్నారు, ఒక్కరు, ఒక్క రాత్రి లేచి చూసిన పాపాన పోలేదు. ప్రయాణం వద్దంటే ఏడుపు మొహాలు. కుక్కని వదిలేద్దామంటే నేను వద్దనాలి, అంటే మళ్ళీ పోట్లాట. నాకు వద్దనడానికి కూడా ఓపిక లేదండీ. అందుకే తెచ్చేశాను. నేనేం మనిషిని?"

డాక్టరు ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుండిపోయింది. మొన్న సరుకుల సంచుల ముందు తను ఏమనుకుందో ఆ మాటే ఇప్పుడు ఇంకొకరి నోట వింది. ఓపిక లేకపోవడం ఒకరి జబ్బు కాదని, ఎవరో తాపీగా కూర్చుని రోజూ తోడుకుపోతే తప్ప ఇంత పెద్ద మనుషులు ఇలా ఎండిపోరని ఆమెకి అప్పుడు తట్టింది.

"నా దగ్గర వదిలెయ్యండి. మీరు తిరిగొచ్చేదాకా నేను చూస్తాను" అంది.

"మీకు సెలవులు లేవా?"

"ఉన్నాయి" అంది డాక్టరు. మందుల చీటీ వెనక తన ఇంటి అడ్రసు, నంబరు రాసి ఇచ్చింది.

*

సాయంత్రం డాక్టరు భర్త, కాంపౌండరు కలిసి దొరని వాళ్ళ ఇంటి హాల్లో దించారు. కాంపౌండరు వెళ్ళాక డాక్టరు భర్తతో చెప్పింది. "నేను రేపు రావడం లేదు."

"మరి వంట?"

మాట నోరు దాటాక ఆయనకీ అది వినిపించింది. కాసేపు చొక్కా గుండీతో ఆడుకున్నాడు. "నా ఉద్దేశం అది కాదు..."

"అదే. అందుకే ముందు అదొచ్చింది."

"ఒక్క కుక్క కోసం ఇంతమందిని కాదంటావా?"

"కుక్క కోసం కాదు. ఈ నాలుగు రోజులూ నేను పడుకోవాలి."

"అక్కడ పడుకోకూడదా?"

ఆమె సరుకుల సంచులు ఒక్కొక్కటే తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. పెడుతూ ఏది ఏ డబ్బాలో ఉందో చెప్పబోయి, మధ్యలోనే ఆపేసింది. మూతలు తీస్తే వాళ్ళకే తెలుస్తుంది.

ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, రావట్లేదట! ఒంట్లో బాగోలేదా?"

"బాగోకపోతే వచ్చేదాన్నమ్మా. బాగోలేనప్పుడల్లా వచ్చాను కదా" అంది డాక్టరు.

మర్నాడు పొద్దున వాళ్ళు వెళ్ళారు. భర్త మొహం ముడుచుకునే ఉంది. కూతురు మాత్రం మెట్ల మీదనుంచి వెనక్కి వచ్చి, "పడుకోమ్మా" అని చెవిలో చెప్పి పరుగెత్తింది. తలుపు వేశాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో డాక్టరు నిలబడి విన్నది. దొరకి మాత్ర మింగించి, తువ్వాలు మార్చి, ఎడమ పక్కకి తిప్పింది. పక్కనే సోఫాలో ఒరిగింది. వాడు మూలిగితే లేచింది, తిప్పింది, మళ్ళీ పడుకుంది. ఒక కుక్కకి లేవడం ఇంత తేలికని, లేవాల్సింది ఒక్క కుక్కకే అయితే అది సెలవేనని ఆమె అనుకోలేదు.

భర్త ఫోన్ చేశాడు. "ఇంతమందికి బియ్యం ఎన్ని పొయ్యాలి?"

"తలో చెయ్యి అన్నారుగా. అందరూ కలిసి కనుక్కోండి" అని పెట్టేసి, ఫోన్ బోర్లించి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

మధ్యాహ్నం దాటాక కాలింగ్ బెల్ మోగింది. తీస్తే గుమ్మంలో ఆవిడ నిలబడి ఉంది. మెడలో బిళ్ళ లేదు. చేతిలో చిన్న ప్రయాణపు సంచి ఉంది.

"మీరు వెళ్ళలేదా?"

"కారెక్కానండీ. పెట్రోలు బంకు దగ్గర ఆపితే దిగిపోయాను. మీరు వెళ్ళండి అన్నాను." ఆ మాట చెబుతుంటే ఆవిడ తనే నమ్మలేనట్టు కళ్ళార్పింది. "చాలాసేపు అరిచారు. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడితే వెళ్ళారు."

"రండి. దొర బాగున్నాడు, పొద్దున్నుంచి రెండుసార్లే తడిపాడు."

హాల్లో దొర ఆవిడ అడుగుల చప్పుడు గుర్తుపట్టి తోకతో నేలని టపటపా కొట్టాడు. ఆవిడ వంగి వాడి తల నిమిరింది. అలా నిమురుతూనే, ఎవరికీ మొహం చూపించకుండా అంది.

"అబద్ధం చెప్పనండీ. నేను వీడి కోసం రాలేదు. నిద్ర కోసం వచ్చాను. ఇంటికెళ్ళి పడుకోవచ్చు కదా అంటారు. ఆ ఇంట్లో నాకు గోడలు కనిపించవు, పనులే కనిపిస్తాయి. నిన్న మీ నేల మీద పట్టినంత నిద్ర నాకు ఈ మధ్య ఎక్కడా పట్టలేదు."

డాక్టరు నవ్వలేదు. జాలి పడలేదు కూడా. నిద్రపోవడానికి చోటు కోసం ఒక మనిషి పెట్రోలు బంకు దగ్గర కారు దిగి పరాయి ఇంటి తలుపు కొట్టాల్సి వచ్చినందుకు ఆమెకి ఒళ్ళంతా కోపంగా ఉంది. పడకగది తలుపు తీసి, కిటికీ తెరలు లాగి, దుప్పటి దులిపి పరిచింది.

గుమ్మం దగ్గర ఆవిడ ఆగింది. "రాత్రి వీడు మూలిగితే నన్ను లేపండి. నాకు అలవాటే."

"లేపను. ఇవాళ నా వంతు. మీ వంతు రేపు."

"వంతా?" అంది ఆవిడ.

అర్థం కాక అడగలేదు. ఇంటెడు మంది మధ్య ఇన్నేళ్ళు బతికి, ఆ మాట తనతో ఎవరైనా అన్నారా అని వెతుక్కుంటున్నట్టుంది ఆవిడ మొహం. దొరికినట్టు లేదు. సంచి చేతిలోంచి కింద పెట్టడం కూడా మరిచిపోయి వెళ్ళి మంచం మీద ఒరిగింది. డాక్టరు దిండు అందించేలోపే నిద్రపోయింది.